మౌనము వీడిన వృద్ధమాతలు

ఒడలికి తగిలిన గాయమును వైద్యునకు చూపుటకు ఎవ్వరును సిగ్గుపడరు. కాని బలాత్కారమునకు గురియైన స్త్రీ తన గాయమును కన్నతల్లికైనను చెప్పుకొనుటకు వెనుదీయును. దోషము చేసినవాడు తలయెత్తుకొని తిరుగుచుండగా, ఏ దోషము నెరుగని యామె తలవంచుకొని బ్రతుకుచుండును. ఈ విపరీతన్యాయమును ముదిమియందు త్రోసిపుచ్చిన కొందరు స్త్రీల చరిత్రము మన గృహములలో చదువదగినది.

1932 మొదలు 1945 వరకు జపాను సైన్యము తాను కాలుమోపిన దేశములలో సైనికుల కామమునకై చెరసాలల వంటి గృహములను నెలకొల్పెను. కొరియా, చీనా, ఫిలిప్పీను దీవులు, జావా మున్నగు చోట్ల నుండి బాలికలను మోసపుచ్చియు, బలవంతముగను కొనిపోయిరి. వారికి ‘ఓదార్పు స్త్రీలు’ అని పేరిడిరి. క్రౌర్యమునకు సౌమ్యనామము తొడుగుట అధికారమునకు వాడుకయే గదా! యుద్ధము ముగిసెను, బ్రతికి వచ్చినవారు దాదాపు అర్ధశతాబ్దము నోరు మెదపలేదు.

ఈ సైనికగృహములతో తమ ప్రభుత్వమునకు సంబంధము లేదని జపాను అధికారులు పలుకగా, భర్తను బిడ్డలను పోగొట్టుకొని ఒంటరిగా నున్న కిమ్ హాక్‌సున్ అను కొరియా స్త్రీ సహింపలేకపోయెను. 1991 ఆగస్టు 14వ తేదీన సియోలు నగరమున, తన అరువదియారవ యేట, స్వనామముతో పదిమంది యెదుట నిలిచి తన కథను చెప్పెను. ఆ యేటి డిసెంబరులో టోకియో న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను.

ఆ గొంతు సముద్రములు దాటినది. జావాలో పుట్టిన డచ్చి వనిత జాన్ రఫ్ ఓహెర్న్ అప్పటికి ఆస్ట్రేలియాలో మనుమలతో కాపురముండెను. 1944లో ఆమెను ఖైదీల శిబిరము నుండి సెమరాంగు పట్టణములోని అట్టి గృహమునకు ఈడ్చుకొనిపోయిరి. 1948లో బటావియా న్యాయస్థానము ఆ నేరమునకు కొందరు అధికారులను శిక్షించినది. అయినను ఆమె మౌనము తీరలేదు. తనతో చెరపడిన యువతుల పేర్లు గల చేతిరుమాలు నొకదానిని దాచుకొనెనే కాని, దాని మర్మమును కూతుండ్రకు చెప్పలేదు. 1992లో కొరియా వృద్ధురాండ్రను టెలివిజనులో చూచిన పిమ్మట చెప్ప నిశ్చయించెను. నోటితో చెప్ప శక్యముగాక, కాగితముపై వ్రాసి బిడ్డలచేత చదివించెను. ఆ యేటి డిసెంబరులో టోకియోలో సాక్ష్యమిచ్చెను. 1994లో ఆమె గ్రంథము వెలువడెను.

1943లో, పదునైదేండ్ల ప్రాయమున, చెరపడిన ఫిలిప్పీను స్త్రీ మరియా రోసా హెన్సన్ కూడ బిడ్డలకు చెప్పక దాచినదే. 1992లో రేడియోలో పిలుపు విని ముందుకు వచ్చెను. ఆమెను చూచి ఆ దేశమున మరికొందరు పెదవి విప్పిరి. 1996లో ఆమె ఆత్మకథ అచ్చుపడెను.

వ్రాతవలన కలుగు మేలేమి? స్మృతి తనకు తోచినప్పుడు వచ్చి మనుష్యుని పీడించును; వ్రాయునపుడు వ్రాయునదే దానికి మొదలును తుదిని నిర్ణయించును. నేరము చేసినవాని పేరు కాగితముపై నిలిచినంతనే సిగ్గు చేరవలసిన చోటికి చేరును. విను హృదయము దొరకినచో ఒకతె మాట వేరొకతె నోటి తాళమును తీయును. ఇది సర్వరోగహరమైన మందు కాదు. జాన్ రఫ్ ఓహెర్నుకు చీకటి పడు వేళ కలుగు భయము వార్ధక్యము వరకు విడువలేదు. కావున ఎవరిని గాని చెప్పుమని నిర్బంధింపరాదు. ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పవలయునో నిర్ణయించు స్వాతంత్ర్యమే ఆమె తిరిగి పొందవలసిన మొదటి సొత్తు.

ఇంటిగుట్టు వీధికెక్కరాదను నీతిచేత మన యిండ్లలో ఎందరి కన్నీరు ఇంకిపోయెనో! చెప్పవచ్చిన బిడ్డను ‘అప్పుడే యేల చెప్పలేదు?’ అని అడుగు పెద్దలు ఈ వృద్ధమాతలను ఒక్కసారి తలపవలయును. వారు చెప్పకపోవుట చెప్పుటకేమియు లేక కాదు, వినువారు లేక. మన గృహమున ఏ బాలికయైనను అట్టి మాట చెప్పుటకో, వ్రాసి చూపుటకో వచ్చినచో, ఆమె మాటను నమ్మి, సగములో అడ్డుపడక, తుదివరకు వినుట మన ప్రథమధర్మము.