గట్టున పాకే ఆకు, కాలి సిరల మందు

పెదకాకాని దాటి దుగ్గిరాల, తెనాలి వైపు వెళ్లేకొద్దీ పత్తి, మిరప చేలు వెనకబడి కాలువలు, వరి మళ్లు మొదలవుతాయి. అలాంటి తడి నేలలో కణుపు కణుపుకీ వేళ్లు దించుకుంటూ పాకే మొక్క సరస్వతాకు. పిల్లలకు చదువు వంటబడుతుందని ఆ ఆకు పొడిని తేనెలో రంగరించి నాకించే అలవాటు తెలుగు ఇళ్లలో పాతదే. వైద్యగ్రంథాలు దీన్ని మండూకపర్ణి అన్నాయి. కాళ్ల సిరలు ఉబ్బినవాళ్లకు యూరప్ వైద్యులు ఇచ్చిన మాత్రల్లో ఒకటి ఈ ఆకు సారమే. జ్ఞాపకశక్తికని తిన్న ఆకు అక్కడిదాకా వెళ్లిన దారి కుష్ఠు ఆసుపత్రుల గుండా సాగింది.

19వ శతాబ్దం మధ్యలో మారిషస్‌లో బొయిలో అనే వైద్యుడు ఈ ఆకును కుష్ఠుకు వాడి చూశాడు. కోరంగి రేవులో ఓడలెక్కిన తెలుగు కూలీలు చెరకు తోటల్లో చెమటోడుస్తున్నది ఆ దీవిలోనే. ఆ వార్త అందాక మద్రాసు కుష్ఠు ఆసుపత్రిలో డాక్టర్ హంటర్ కూడా పరీక్షించాడు. అది కుష్ఠును కుదిర్చే మందు కాదని, రోగి ఒంట్లో మాత్రం నలత తగ్గి సత్తువ వస్తుందని తేల్చాడు. ఆశపడినంత ఫలితం రాలేదని దాచకుండా చెప్పిన ఆ మాటకు నేటికీ విలువ ఉంది. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయి గుంటూరు సీమకు కాలువ నీళ్లు పారే నాటికి, పుదుచ్చేరిలో లెపీన్ అనే ఫ్రెంచి ఫార్మసిస్టు ఆకులోని పదార్థాలను విడదీసే పనిలో ఉన్నాడు. 1868 నాటి భారత ఔషధ సంహితలో ఈ మొక్కకు చోటు దక్కింది. ఆకును ఎండలో కాదు, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టాలన్నది ఆనాటి నియమం. మన పల్లె వైద్యుల పద్ధతీ అదే.

అసలు మలుపు మడగాస్కర్‌లో వచ్చింది. 1941లో బోంటెం అనే రసాయన శాస్త్రవేత్త అక్కడి మొక్క నుంచి ఆసియాటికోసైడ్ అనే పదార్థాన్ని వేరు చేశాడు. తర్వాత ఆ దేశపు శాస్త్రవేత్త రకోటో రత్సిమమంగ, పియెర్ బొయితో అనే ఫ్రెంచి పరిశోధకుడు దాన్ని పుండ్లు మాన్పడానికి వాడారు. మడెకసోల్ అనే మందు ఆ కృషి ఫలమే.

పుండు నుంచి సిరకు దారి దూరం కాదు. కాలి సిరల్లో రక్తాన్ని పైకి పోనిచ్చి కిందికి రానీయని కవాటాలుంటాయి. అవి వదులైతే రక్తం కిందే నిలిచి కాలు వాస్తుంది, చీలమండ దగ్గర చర్మం నల్లబడుతుంది, చివరికి మానని పుండు పడుతుంది. గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. గుంటూరు మిరప యార్డులో హమాలీలకు, మళ్లలో నాట్లేసే ఆడవాళ్లకు దీని గురించి ఎవరైనా చెప్పాలి. ఆకు సారంలోని ట్రైటర్పీన్లు అనే పదార్థాలు కొల్లాజెన్ అనే ప్రోటీన్ తయారీని పెంచి సిర గోడకు పట్టు ఇస్తాయా, సన్న రక్తనాళాల నుంచి నీరు ఊరడాన్ని తగ్గిస్తాయా అని ఇటలీ వైద్యులు రోగులపై పరీక్షలు చేశారు. 2013లో అలాంటి ఎనిమిది అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో వాపు, కాళ్ల బరువు, నొప్పి తగ్గిన జాడలు కనిపించాయి. అయితే ఆ పరీక్షల నాణ్యత గట్టిది కాదని కూడా సమీక్షకులు రాశారు.

ఆ పరీక్షల్లో వాడింది పాళ్లు కొలిచి తీసిన సారం, రోజుకు పదుల మిల్లీగ్రాముల లెక్కన. ఇంటి పచ్చడిలో అంత లెక్క కుదరదు. ఈ మొక్క మందులు వారాల తరబడి వాడినవారిలో అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కాలు ఉన్నట్టుండి ఒకవైపే వాచి నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అప్పుడు ఆకు కోసం వెతకకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.