కొండవాళ్ళ "వద్దు": గూడెం రోడ్డు నుంచి జెర్రెల గనుల దాకా

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే ఘాట్ రోడ్డున చలికాలం వస్తే వేలాదిమంది మంచు చూడడానికి పోతున్నారు. ఆ రోడ్డుకు ఒక చరిత్ర ఉన్నది. నూరేళ్ళ కిందట నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు పని చేయించినవాడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. చేసినవారు ఆ చుట్టుపక్కల గూడేల మనుషులు. న్యాయమైన కూలి ఇవ్వకుండా, బలవంతాన చేయించిన పని అది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా జరిగిన దాడులకు ఈ రోడ్డు పని ఒక ముఖ్యమైన కారణమని చరిత్రకారులు అంగీకరిస్తున్నారు.

ఈ సంగతి మనలో చాలామందికి తెలిసినదే. కాని దాన్ని మనం ఏ విధంగా తెలుసుకున్నామన్నది వేరే ప్రశ్న. నేను నర్సీపట్నం ప్రాంతంలో కళాశాల విద్యార్థులకు తెలుగు చెప్పేవాణ్ణి. అల్లూరి సీతారామరాజు పేరు చెప్పగానే విద్యార్థులకు గుర్తుకు వచ్చేది విల్లు, కాషాయం, 1974లో వచ్చిన సినిమా. గాం గంటందొర, గాం మల్లుదొరల పేర్లు కొందరికి తెలుసు. ఆ మల్లుదొరే శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైనాడని చెబితే ఆశ్చర్యపోతారు. ఇక రోడ్డు మోసిన కూలీలు ఏమి అడిగారన్న విషయం పాఠంలోనే లేదు. మన సాహిత్యం వీరుణ్ణి కొండంత చేసింది. కొండ అడిగిన ప్రశ్నను మాత్రం కింద వదిలివేసింది.

ఆ ప్రశ్న ఇది: మా కొండమీద ఏది జరగాలో నిర్ణయించేది ఎవరు? దీన్ని 1922 నుంచి విడిగా చూడడానికి వీలులేదు. 1922తో ముగించడానికీ వీలులేదు. ఈ వ్యాసంలో నేను చూపదలచినది ఆ ప్రశ్న మన కాలందాకా నడిచివచ్చిన దారిని.

మొదట అడవి సంగతి. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు ఆస్తిగా గీత గీసింది. పోడు చేయడం నేరమైంది. కట్టెకూ, ఆకుకూ, పశువుల మేతకూ అనుమతి కావలసి వచ్చింది. దీనితోపాటు కొండల్లో ముఠాదారుల అధికారాలు కూడా కుదించుకుపోయినవి. ముఠాదారు సామాన్య గిరిజనుడు కాడు. అతడు శిస్తు వసూలు చేసి తన వాటా ఉంచుకునే మధ్యవర్తి. 1879లో రంపలో లేచిన తిరుగుబాటులోనూ, 1922 పితూరీలోనూ ఈ రెండు వర్గాల బాధలూ ఒకచోట కలిసినవి. పోయిన పెత్తనం కోసం ముఠాదారు, పోయిన పోడు కోసం సాగుదారు, ఇద్దరూ ఒకే శత్రువుకు ఎదురు నిలిచారు. దీన్ని గుర్తించకుండా కొండలన్నీ ఒకే మనిషివలె మాట్లాడినట్లు రాయడం చరిత్ర అనిపించుకోదు. ముఠాదారీ పద్ధతి చట్టరీత్యా రద్దు అయ్యేసరికి 1969 వచ్చింది.

1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు హతుడైనాడు. మలబారు పోలీసులూ, అస్సాం రైఫిల్సూ వెనక్కి మళ్ళినవి. పితూరీ ఓడిపోయిందని అంటారు. ఆయుధాల లెక్కలో అది నిజమే. కాని కొండల భూమిని మైదాన ప్రాంతపు షావుకార్లకు విచ్చలవిడిగా వదలితే మళ్ళీ మళ్ళీ నిప్పు రాజుకుంటుందన్న భయం పాలకులకు పాతదే. 1917 నాటి ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం ఆ భయంలో పుట్టినదే. స్వాతంత్ర్యం తరవాత రాజ్యాంగం అయిదవ షెడ్యూలు, 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని గట్టిపరచిన 1970 నాటి సవరణ వచ్చినవి. ఈ సవరణ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరునికి భూమి బదలాయింపు చెల్లదు. 1970 ఏ కాలమో ఉత్తరాంధ్ర పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం కొండలు అప్పటికి మండుతున్నవి. చట్టం దయగా దిగివచ్చిన సందర్భం ఈ వరసలో నాకు ఒక్కటీ కనిపించదు.

ఇక బాక్సైటు సంగతి. తూర్పు కనుమల్లో, చింతపల్లి, జెర్రెల, అరకు, అనంతగిరి కొండల నెత్తిన ఈ ఖనిజం టోపీవలె పరుచుకొని ఉన్నది. నిల్వలు యాభై కోట్ల టన్నులకు పైగా ఉన్నవని అంచనా. ఖనిజం కొండ నెత్తిన ఉండడంలోనే చిక్కంతా ఉన్నది. ఆ పొర గుల్లగా ఉండి వాననీటిని పీల్చుకొని, ఏడాది పొడుగునా ఊటలుగా కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ నెత్తిని తవ్వితే తవ్విన గొయ్యితో నష్టం ఆగదు. కింది గెడ్డలన్నిటికీ తగులుతుంది. కాఫీ, మిరియం పండించే కుటుంబాలకు నీడా, నీరూ రెండూ కావాలి. ఏజెన్సీలో కాఫీతోటలు లక్ష ఎకరాలకు మించి ఉన్నవి. కొండల్లో పుట్టిన తాండవ నది కింద నాతవరం దగ్గర జలాశయమై, పల్లపు ప్రాంతంలో సుమారు 50 వేల ఎకరాలకు నీరిస్తున్నది. కనుక పైవాళ్ళ ఊట మన పొలాల్లో తేలుతుంది. "అది గిరిజనుల గొడవ" అని చేతులు దులుపుకునే నర్సీపట్నం పెద్దమనిషి అన్నం ఎక్కణ్ణుంచి వస్తున్నదో ఒకసారి విచారించుకోవాలి.

1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది. అనంతగిరి మండలంలో ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చిన గనుల లీజు మీద మొదలైన కేసు అది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, అనగా మెజారిటీ, ఒక స్పష్టమైన మాట అన్నారు: 1959 నిబంధనలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా, కనుక ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదు. గిరిజనుల సహకార సంఘాలు గాని, ప్రభుత్వ సంస్థ గాని తవ్వుకోవచ్చును.

పెట్టుబడి ఈ చివరి మాటను పట్టుకున్నది. 2005లో జిందాల్ సంస్థతోనూ, 2007లో రస్ అల్ ఖైమా ప్రభుత్వంతోనూ రాష్ట్రం ఒప్పందాలు చేసుకున్నది. పద్ధతి చిత్రమైనది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ కొండ తవ్వుతుంది. తవ్విన ఖనిజాన్ని కంపెనీకి అమ్ముతుంది. కంపెనీ షెడ్యూల్డు ప్రాంతపు గీత దాటి, పల్లంలో కర్మాగారం పెడుతుంది. రెండవ ఒప్పందం ఫలితంగా నర్సీపట్నం పక్కనున్న మాకవరపాలెం మండలంలో అన్‌రాక్ అల్యూమినియం కర్మాగారం లేచింది. చట్టం అక్షరానికి భంగం లేదు. భూమి చేతులు మారలేదు. భూమిలో ఉన్నదంతా మారే ఏర్పాటు జరిగింది.

2012లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి కిశోర్ చంద్రదేవ్ ఈ ఒప్పందాలను రద్దు చేయమని గవర్నరును కోరారు. 2013లో పొరుగున ఒడిశాలోని నియంగిరి కొండల మీద పన్నెండు గ్రామసభలు, సుప్రీంకోర్టు ఆదేశం మీద సమావేశమై, పన్నెండింటికి పన్నెండూ బాక్సైటు తవ్వకాన్ని నిరాకరించినవి. ఇంత జరిగినా 2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 97వ నంబరు జీవో తెచ్చింది. నర్సీపట్నం అటవీ డివిజనులోని చింతపల్లి, జెర్రెల ప్రాంతాల్లో 1,212 హెక్టార్ల అడవిని ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగించే ఉత్తరువు అది. చింతపల్లిలో, పాడేరులో ఊరేగింపులు, బందులు జరిగినవి. ఒకటి రెండు పార్టీల వ్యవహారంగా మొదలై పోలేదది. విల్లంబులు పట్టుకొని కొండ దిగివచ్చిన మనుషులు పార్టీలనే తమ వెనక నడిపించుకున్నారు. కొద్దివారాల్లోనే జీవో అమలు ఆగింది. 2019లో తరవాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

ఇక్కడ మన పాఠకుల్లో కొందరికి ఒక సందేహం రావచ్చును, వచ్చితీరాలి కూడా. మనం పరిశ్రమలకు వ్యతిరేకులమా? 1966లో విశాఖ ఉక్కు కోసం ఆందోళన చేసి 32 మంది ప్రాణాలర్పించిన ప్రజల వారసులం గదా! అక్కడ కావాలన్నవారు ఇక్కడ వద్దనడం ఏ తర్కం?

ఈ సందేహాన్ని నేను తేలికగా తీసివేయను. మాకవరపాలెం ప్రాంతంలో భూములిచ్చి, కర్మాగారంలో పని దొరుకుతుందని ఎదురుచూసిన కుటుంబాలున్నవి. కొండ ఖనిజం రాక, కట్టిన కర్మాగారంలో ఉత్పత్తి లేకుండా ఏళ్ళు గడిచినవి. ఆ కుటుంబాల పిల్లలూ, చింతపల్లి కాఫీతోటల పిల్లలూ ఒకే తరగతిగదిలో పక్కపక్కన కూర్చుంటారు. ఒకరి నిరాకరణ రెండవవారికి నిరుద్యోగంగా కనబడుతుంది. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టినది ఆ ఒప్పందమే. ఖనిజం వస్తుందో రాదో తేలకముందే పల్లంలో భూమి తీసుకోవడం, పల్లంలో కట్టడం అయిపోయింది గనుక కొండ తవ్వాలనడం: ఇదీ వాదన నడిచిన తీరు. అనుమతిని చివర అడిగితే అది అడగడం కిందికి రాదు.

ఉక్కు విషయం తీసుకుందాం. ఉక్కు కావాలన్నది ప్రజలు. ఎవరో వచ్చి వారి నెత్తిన పెట్టలేదు. అదే మొదటి తేడా. రెండవది, అది ప్రభుత్వరంగంలో వస్తుందన్న నమ్మకం. కాని ఆ కథ కూడా మచ్చలేనిది కాదు. భూములు వదలిన గ్రామాల నిర్వాసితులు ఆర్-కార్డులు చేతబట్టుకొని ఉద్యోగాల కోసం తరాలు వేచినారు. 2021 జనవరిలో కేంద్రప్రభుత్వం ఆ కర్మాగారంలో తన వాటా అంతా అమ్మివేయడానికి సూత్రప్రాయంగా నిర్ణయించింది. అనగా ప్రజల పేరిట తీసుకున్న భూమి ప్రజలదిగానే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరని తేలింది. కనుక "ప్రభుత్వ సంస్థ తవ్వుతున్నది గదా" అన్న సమాధానంతో జెర్రెలవాసి తృప్తిపడకపోతే అతణ్ణి అభివృద్ధి నిరోధకుడనడానికి మనకు హక్కు లేదు. అల్యూమినియం మనిషికి అవసరమే. ఆ అవసరం పేరు చెప్పి లాభం ఒక చోటికీ, ఎండిన ఊట మరొక చోటికీ పంచే పద్ధతినే మనం విమర్శిస్తున్నాం.

కథ ఇంతటితో సుఖాంతమైందనుకోవడం పొరపాటు. 97వ జీవోను తెచ్చింది ఒక ప్రభుత్వం. తీసివేసింది ఇంకొక ప్రభుత్వం. గ్రామసభ నిరాకరించింది కనుక చెల్లదు అన్న మాట ఆ రద్దుకు ఆధారం కాలేదు. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన స్థానం కాగితం మీద ఉన్నది. ప్రభుత్వం ఇచ్చిన రద్దును ప్రభుత్వం మళ్ళీ రద్దు చేయగలదు. పైగా 2022 ఏప్రిల్ నుంచి చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో చేరినవి. కొండకు వీరుని పేరు దక్కింది. కొండకూ పల్లానికీ మధ్య జిల్లా గీత కూడా పడింది. గెడ్డలు ఆ గీతను ఎరగవు.

ఇక అధ్యాపకులకూ, విద్యార్థులకూ ఒక పని మిగిలి ఉన్నది. 1922ను గూర్చి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం పోలీసు నివేదికల నుంచీ, కోర్టు విచారణల నుంచీ వచ్చినది. తిరుగుబాటుదారుల మాట వారి శత్రువులు రాసుకున్న కాగితాల్లోనే మిగిలింది. 2015కు ఆ గతి పట్టరాదు. ఆ రోజుల్లో ఊరేగింపులో నడిచినవారు బతికే ఉన్నారు. గ్రామసభల తీర్మానాలు, అర్జీలు, కరపత్రాలు పాత పెట్టెల్లో చెదలు పడుతున్నవి. కువి, కొండదొర, బగత గూడేల్లో పెద్దలు చెప్పే మాటలను వారి నుడికారంతోనే రాసుకోవాలి. భూమిచ్చి మోసపోయిన మాకవరపాలెం రైతు మాటను కూడా ఆ పక్కనే రాయాలి. లేకుంటే సగం చరిత్రే రాసినవారమవుతాం. సెలవుల్లో లంబసింగి మంచు చూడడానికి పోయే విద్యార్థులు ఒక నోటుపుస్తకం వెంట తీసుకుపోయి, రెండు రోజులు ఎక్కువ ఉండి, చింతపల్లి దాకా, జెర్రెల దాకా వెళ్ళిరావడంతో ఈ పని మొదలు పెట్టవచ్చును.