మా ఊరి చెరువూ, కరణంగారి కట్టలూ

తెలుగు పాఠం చెప్పిన ప్రతి ఉపాధ్యాయుడూ ఏదో ఒకనాడు సుమతీ శతకంలోని కరణం పద్యాలు చెప్పే ఉంటాడు. కరణాన్ని నమ్మిన కరణానికే బ్రతుకు లేదన్నాడు శతకకారుడు. నేనూ ముప్పదియైదు సంవత్సరాలపాటు ఆ పద్యాన్ని పిల్లలచేత వల్లె వేయించాను. వారు నవ్వితే వారితోపాటు నవ్వాను. ఆ నవ్వులో ఎంత అజ్ఞానం ఉన్నదో అరవై దాటిన తరువాత గాని నాకు తెలిసిరాలేదు. ఆ సంగతి చెప్పుకొనడానికే ఈ నాలుగు మాటలు.

మాది గుడివాడకూ పామర్రుకూ నడుమ ఉన్న చిన్న పల్లె. కాలువ నీటితో వరి పండే నేల. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు మంచినీళ్ల చెరువు నింపుకొనడం మా ప్రాంతంలో ప్రతి ఊరికీ ఆనవాయితీ. కొంతకాలం క్రిందట నా పూర్వ విద్యార్థి ఒకడు, ఇప్పుడు పంచాయతీ వార్డు సభ్యుడు, పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, మన చెరువులో పడమటి వైపు ముప్పాతిక ఎకరం చెరువే కాదట. కంప్యూటరు అడంగల్లో పట్టా భూమి అని ఉందట. చేపల పెంపకానికి కౌలుకిస్తామని గట్టు తెంచుతున్నారు. మీరు పాత సంగతులు చదివినవారు గదా, చెరువని ఋజువు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి" అన్నాడు.

నాకు తెలియలేదు. కావ్యాలలో చెరువుల వర్ణనలు చెప్పగలను గాని, నేను ఈతకొట్టిన చెరువు ఏ కాగితం మీద చెరువుగా ఉన్నదో చెప్పలేకపోయాను. అప్పటినుంచి తెలుసుకొనడం మొదలుపెట్టాను.

ఊరి సంగతులు వ్రాసిపెట్టడం మనకు క్రొత్త కాదు. కరణాల ఇళ్లలో దండకవిలెలు ఉండేవి. ఊరు ఎట్లా పుట్టింది, ఏ రాజు ఎవరికి మాన్యమిచ్చాడు, చెరువు ఎవరు త్రవ్వించారు అన్న సంగతులన్నీ అందులో ఎక్కేవి. కాలిన్ మెకంజీ దొర, అంటే 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయిన ఆయన, వీటి విలువ గుర్తించాడు. అయితే ఆయనకు తెలుగు రాదు. ఆ పనికి ఆయన కన్నూ చెవీ అయినవారు మన ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1803లోనే పిన్న వయస్సులో మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. వారూ, వారి క్రింది గుమాస్తాలూ ఊరూరా తిరిగి, కరణాలను ఒప్పించి, కవిలెలకు ప్రతులు వ్రాయించి, ఉన్నవి ఉన్నట్టు జాబితాలు కట్టి పంపారు. ఇప్పుడు మనం కైఫియత్తులు అంటున్నవి ఆ శ్రమ ఫలమే. 1821లో మెకంజీ గతించాక ఆయన భార్య ఆ సేకరణను కంపెనీ ప్రభుత్వానికి లక్ష రూపాయలకు అమ్మింది. 1828లో విల్సన్ దాని వివరణ పట్టికను అచ్చు వేయించాడు. తరువాత బ్రౌను దొర తెలుగు కైఫియత్తులకు శుద్ధప్రతులు వ్రాయించాడు. ఇందులో గమనింపదగినది ఒకటున్నది. ఆ కాగితాలు కలకత్తాకు, లండనుకు, మద్రాసుకు చెదరిపోయినా నేటికీ మనకు దొరుకుతున్నాయంటే, ఏది ఎక్కడ ఉన్నదో ఎవరో ఒకరు పట్టిక వ్రాసిపెట్టినందువల్లనే.

కంపెనీవారు కరణాన్ని తమ లెక్కలలోకి తెచ్చుకొన్నారు. 1802లో మద్రాసు ప్రభుత్వం చేసిన 29వ రెగ్యులేషను కరణం ఏయే లెక్కలు ఉంచాలో నిర్ణయించింది. అటు తరువాత రైత్వారీ గ్రామాలలో సర్వే జరిగి, గొలుసు పట్టి పొలాలు కొలిచి, ప్రతి చెక్కకూ ఒక నంబరు వేశారు. గొలుసుకు నూరు లింకులు, అరవైయారు అడుగులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆ కొలతల పుస్తకాన్నే నేటికీ ఎఫ్.ఎం.బి. అంటున్నారు. ప్రతి నంబరు ఎదుటా విస్తీర్ణం, మెట్టా పల్లమా, పట్టానా పోరంబోకా అన్నది చూపే రీసెటిల్మెంటు రిజిస్టరు ఉన్నది. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషలలోనూ ఉండడంవల్ల దానిని డైగ్లాట్ అనేవారు. జమీందారీ గ్రామాల సంగతి వేరు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిన పిమ్మట అక్కడ సర్వే జరిపి వ్రాసిన సెటిల్మెంటు ఫెయిర్ అడంగలే వాటికి మూలం. కాబట్టి పాత కాగితం వెదికేవారు ముందుగా తేల్చుకొనవలసినది, తమ ఊరు రైత్వారీయా జమీందారీయా అని.

మాది రైత్వారీ గ్రామం. డైగ్లాట్లో మా చెరువు ఉండి తీరాలి. అడంగల్ ఏటేటా మారేది. అందులో ఒక గుమాస్తా చేయి జారినా పోరంబోకు పట్టా అయిపోగలదు. డైగ్లాట్ అట్లా మారదు. ఈపాటి తెలిసి, నేనూ నా శిష్యుడూ ఒక కార్యాలయానికి వెళ్లాము. దాని పేరు చెప్పను. "మీ ఊరి పాత రిజిస్టరు మా దగ్గర లేదు" అన్నారు. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమలులో ఉన్నది గదా అని దరఖాస్తు పెట్టాము. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. ముప్పది రోజులలోపు జవాబు వచ్చింది. అందులోనూ అదే మాట: "సదరు గ్రామం పేరిట రికార్డు లభ్యం కాలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1984 జ్ఞాపకం వచ్చింది.

ఆ సంవత్సరం జనవరిలో రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. వంశపారంపర్యంగా వస్తున్న ఆ అధికారం పోవడం న్యాయమే. ఊరి లెక్క ఒక ఇంటి అటక మీద ఉండడమూ, నకలు కావలసిన పేదవాడు ఆ ఇంటి అరుగు క్రింద చేతులు కట్టుకొని నిలబడడమూ నేను కండ్లారా చూచినవే. 1985లో సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది. అప్పటికి నేను భాషాప్రవీణ పూర్తిచేసి క్రొత్తగా ఉద్యోగంలో చేరినవాడిని. ఊరంతా సంబరపడితే నేనూ సంబరపడ్డాను.

దస్త్రాలు అప్పగించే ముందు కరణంగారు నన్ను పిలిపించారు. ఎర్రగుడ్డ కట్టలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆయనకు అప్పటికే చూపు మందగించింది.

"మాస్టారూ, మీ దస్తూరి బాగుంటుందని విన్నాను. నాలుగు సాయంకాలాలు వచ్చి కూర్చుంటే ఏ కట్టలో ఏమున్నదో, ఏది దేనితో కలిపి చూడాలో చెబుతాను, వ్రాసిపెట్టండి. కట్టలు వెళ్లిపోతాయి, సరే. వాటిలో దారి తెలిసినవాడిని నేనొక్కణ్ణే" అన్నారు.

"ఇంకా మీ కట్టలతో ఊరికి పనేమున్నదండీ?" అన్నాను. ఆయన మారుమాట్లాడలేదు. మంచినీళ్లు ఇప్పించి పంపివేశారు. మరునాడు కట్టలు బండి ఎక్కాయి. కొన్నేళ్లకు ఆయనా వెళ్లిపోయారు.

నాలుగు సాయంకాలాలు! అంతకన్న తక్కువ అడిగినవారు నా జీవితంలో లేరు.

ఆయన కుమారులు విజయవాడలో ఉన్నారని తెలిసి వెళ్లాను. బ్యాంకు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దమనిషి. లెక్కల సంగతి తనకేమీ తెలియదన్నారు. కాఫీ త్రాగి లేవబోతుండగా నవ్వుతూ ఒక మాట అన్నారు: "మా నాన్నగారు మమ్మల్ని ఏడిపించేవారండీ. మన ఊరు కాగితం మీద ఊరే కాదురా, పొరుగూరికి శివారు అనేవారు."

మాకు కావలసినది ఆ ఒక్క మాటే. సర్వే జరిగిననాడు మా పల్లెకు వేరే గ్రామ హోదా లేదు. పొరుగూరి శివారుగానే లెక్కలలో ఎక్కింది. ఆ ఊరి పేరిట మళ్లీ దరఖాస్తు పెట్టాము. ఈసారి బందరులో పుట దొరికింది. అంచులు చిరిగి, రంగు మారి ఉన్నది. సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు, చివరి గడిలో రెండు మాటలు: చెరువు పోరంబోకు. పడమటి ముప్పాతిక ఎకరం అందులో భాగమే.

కాగితాన్ని కాపాడేవారు లేక అది పోవడం ఒక సంగతి. కాగితం భద్రంగా ఉండి కూడా దొరకకపోవడం మరొక సంగతి. మన జిల్లాలో ఈ రెండవదే ఎక్కువ. పేర్లు ఎన్నిసార్లు మారాయో చూడండి. మచిలీపట్నం జిల్లా, గుంటూరు జిల్లాలో చాలా భాగం కలిసి 1859లో కృష్ణా జిల్లా అయినది. 1904లో గుంటూరు వేరుపడింది. 1925లో పశ్చిమగోదావరి ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాకు చేరాయి. పాత ఇంగ్లీషు కాగితాలలో విజయవాడ అని వెదికితే ఏమీ దొరకదు, బెజవాడ అని వెదకాలి. 1888లో ఏర్పడినది బెజవాడ మునిసిపాలిటీయే. బందరును మసూలిపటం అని, కృష్ణను కిస్ట్నా అని చూడాలి. 1883లో గోర్డన్ మెకంజీ వ్రాసిన జిల్లా మాన్యువల్ (ఈయన వేరొక మెకంజీ) ఉన్నది కూడా కిస్ట్నా పేరుతోనే. మార్పు జరిగిన ప్రతిసారీ కాగితాలు కదిలాయి. పాత పేరుకూ క్రొత్త పేరుకూ లంకె మాత్రం ఎవరో ఒక గుమాస్తా తలలో ఉండి, ఆయన ఉద్యోగ విరమణతో ఇంటికి పోయింది.

కంప్యూటరు వచ్చినా ఈ చిక్కు తీరలేదు. 2015లో మీభూమి వచ్చి అడంగల్, ఒన్-బి ఇంట్లో కూర్చొని చూచుకొనే వీలు కల్పించింది. మంచిదే. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైనది. అదీ అవసరమే. కాని కంప్యూటరు తనలోకి ఎక్కించినదానినే చూపుతుంది. ఎక్కించినప్పుడు జరిగిన తప్పును అచ్చమైన సత్యంవలె చూపుతుంది. మా చెరువు విషయంలో జరిగినది అదే.

ఇంత తిరిగినందుకు తెలిసినవి నలుగురికీ పనికి వస్తాయని చెబుతున్నాను. భూమి పుట్టుక కోసం డైగ్లాట్ లేదా ఫెయిర్ అడంగల్, హద్దుల కోసం ఎఫ్.ఎం.బి., నేటి హక్కు కోసం ఒన్-బి, క్రయవిక్రయాల కోసం సబ్ రిజిస్ట్రారు దగ్గర ఇ.సి. చూడాలి. ఊరి నిర్ణయాల కోసం పంచాయతీ తీర్మానాల పుస్తకం అడగాలి. లేదన్న జవాబు వస్తే ముప్పది రోజులలోపు మొదటి అప్పీలు చేయాలి. అన్నిటికన్నా ముందు, ఊరికి పూర్వం ఏ పేరు ఉన్నదో, ఏ ఊరి శివారో పెద్దలను అడగాలి. రికార్డులన్నిటికీ పట్టికలూ అనుక్రమణికలూ ఉంచాలని సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను మొదటి మాటలోనే ఉన్నది. ఆ ఒక్క మాట సక్రమంగా జరిగితే తక్కిన దరఖాస్తులలో సగం అక్కరలేదు.

మా చెరువు సంగతి ముగించలేదు గదా. నకలు తీసుకొని గ్రామసభలో చదివాను. సర్వేయరు వచ్చి కొలిచాడు. గట్టు తెంచడం ఆగింది. ముప్పాతిక ఎకరం గురించి వ్యాజ్యం నడుస్తున్నది. ఊరి చెరువులను, ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించాలని 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించి ఉన్నది కనుక మాకు ఆశ ఉన్నది. మొన్నటి వేసవిలో చెరువు నిండుగానే నిండింది.

ఇప్పుడు నా శిష్యుడూ నేనూ ప్రతి ఆదివారం సాయంకాలం పంచాయతీ బీరువా ముందు కూర్చుంటున్నాము. ఏ పుస్తకంలో ఏమున్నదో ఒక నోటుబుక్కులో వ్రాస్తున్నాము. దస్తూరి మునుపటంత బాగా లేదు, చేయి వణుకుతున్నది. మొదటి పుటలో కరణంగారి పేరు వ్రాశాను. నలభై ఏండ్లు ఆలస్యమైనది. మీ ఊళ్లో అటువంటి పెద్దలు ఇంకా ఉంటే మీరు ఆలస్యం చేయకండి.

స్వస్తి.