చోడి చేనికి సోకిన అగ్గి

తక్కిన తెలుగు సీమల్లో రాగి అని పిలిచే ధాన్యాన్ని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో చోడి అంటారు. వానను నమ్ముకొన్న మెట్టనేలల్లో, వరి పండని చోట, పేదవాని ఆకలి తీర్చినది చోడి అంబలియే. వృక్షశాస్త్రజ్ఞుని దృష్టిలో చోడి, వరి, గోధుమ, తోటలో మనం ముచ్చటపడి పెంచే పచ్చిక అన్నీ గడ్డి కుటుంబంలోనివే. ఈ కుటుంబంలో పలువురిని వేధించే శిలీంధ్రం ఒకటి ఉన్నది. అది తెచ్చే రోగానికే అగ్గితెగులు అని పేరు.

పేరు పెట్టినవాడెవడో గాని, చేను చూచి పెట్టినాడు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు లేస్తాయి. అవి కలిసిపోతే మడి కాలినట్లుంటుంది. నారుమడిలో కలిగిన నష్టాన్ని రైతు మళ్ళీ నారు పోసి పూడ్చుకోగలడు. వెన్ను తొడిగిన తరువాత మెడకు సోకితే మాత్రం దారి లేదు. మెడ నల్లబడి, పైకి ఆహారమందక, గింజ తాలుపోతుంది. దుక్కి, ఊడ్పు, కలుపు, అన్ని ఖర్చులూ అయిన తరువాత వచ్చే నష్టమిది.

వరికి వచ్చే ఈ రోగాన్ని చైనా గ్రంథమొకటి 1637లోనే వర్ణించినది. ఇటలీ శాస్త్రజ్ఞుడు సక్కార్డో 1880లో ఈ శిలీంధ్రపు జాతికి పైరిక్యులేరియా అని నామకరణం చేసినాడు. దాని బీజం బేరిపండు ఆకారంలో ఉండడమే ఆ పేరుకు కారణం. మన దేశంలో చోడి మీద దీనిని మెక్రే అనే శాస్త్రజ్ఞుడు తంజావూరు ప్రాంతంలో గుర్తించి 1920లో ప్రకటించినాడు. అప్పటికి మన ఉత్తర కోస్తా కూడ ఆ మద్రాసు రాజధానిలోనిదే.

బీజం గాలిలో వచ్చి ఆకుపై వాలుతుంది. ఆకు తడిగా ఉంటేనే మొలకెత్తుతుంది. కనుకనే మంచు రాత్రులు, ముసురు దినాలు దానికి పండుగ. మొలకెత్తి ఒక చిన్న బుడ్డి వంటి అవయవాన్ని నిర్మించి, అందులో నీటి ఒత్తిడిని పెంచి, ఆకు చర్మాన్ని పొడుచుకొని లోపలికి దిగుతుంది. ఆ ఒత్తిడి 80 వాతావరణాల దాకా ఉంటుందని 1991లో కొలిచినారు. మోటారుకారు చక్రంలోని ఒత్తిడికి ఇది సుమారు 40 రెట్లు! కంటికానని ప్రాణికి ఇంత బలమా అని ఆశ్చర్యం కలుగుతుంది.

వరి తెగులే చోడికి పాకినదని అనుకొనేవారు ఉంటారు. సాధారణంగా అది నిజం కాదు. ఈ శిలీంధ్రంలో తెగలున్నవి; వరిని పట్టే తెగ వేరు, చోడిని పట్టే తెగ వేరు. చోడికి దగ్గర చుట్టమైన అడవిగడ్డిపై బ్రతికే తెగ మాత్రం చోడికీ ప్రమాదమే. కనుక గట్టు శుభ్రంగా ఉంచడం వృథాశ్రమ కాదు. అయితే తెగల హద్దులు శాశ్వతం కావు. 1985లో బ్రెజిల్ దేశంలో గోధుమకు ఈ రోగం కనిపించినది. 2016 నాటికి బంగ్లాదేశ్ చేరినది. అమెరికాలో, పెన్సిల్వేనియా గోల్ఫు మైదానాలలోని రైగడ్డి 1991లో దీని వాత పడినది. అక్కడ పోయినది ఆట. ఇక్కడ పోయేది అన్నం.

విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం చోడి వంగడాలకు ప్రసిద్ధి. చంపావతి, గోస్తని, వేగవతి అని ఈ సీమ నదుల పేర్లే వాటికి పెట్టినారు. చంపావతి త్వరగా కోతకు వస్తుంది గాని, తెగులుకూ త్వరగానే లొంగుతుంది. వేగవతి దానిని తట్టుకొంటుంది. మందు చల్లడం కన్న తట్టుకొనే విత్తనం ఎన్నుకోవడమే చిన్నరైతుకు చౌక అని నా అభిప్రాయం. దానికి తోడు కిలో విత్తనానికి 2 గ్రాముల కార్బెండజిమ్ పట్టించడం, నత్రజని ఎరువు మితిమీరకుండా చూడడం అవసరం. యూరియా ఎక్కువైన చేను కంటికింపుగా పచ్చగా ఉంటుంది. ఆ మెత్తని ఆకే శిలీంధ్రానికీ ఇష్టం. రోగం విత్తనంతోనూ, చేనిలో మిగిలిన మోళ్ళతోనూ మరుసటి ఏటికి సాగుతుంది. అందుచేత విత్తనానికి ఉంచుకొనే వెన్నులను కోతకు ముందే, మెడ నల్లబడని మొక్కల నుండి ఏరి వేరుగా నూర్చుకోవాలి.