ఏటి గట్టున పొద్దుటూరు

మా ఊరికి చుట్టాలొస్తే అందరూ బంగారు అంగళ్లకు తీసుకుపోతారు. నేను మాత్రం తెల్లారకముందే ఏటి గట్టునున్న మా రామేశ్వరానికి పిలుచుకుపోతాను. ముక్తిరామేశ్వరుడి గుడి దగ్గర నిలబడితే నల్లగా కనిపించే పెన్న ఇసుక చూస్తుండగానే తెల్లబడుతుంది. రావణుణ్ణి చంపిన పాపం పోవడానికి రాముడు ఇక్కడ లింగాన్ని ప్రతిష్ఠించాడనీ, అప్పుడే పొద్దు పొడిచిందనీ, ఊరికి ఆ పేరే నిలిచిందనీ స్థలపురాణం. పండితులకు ఇది బ్రధ్నపురి. మాకు పొద్దుటూరు.

పురాణం అటుంచినా ఈ ఏటి సీమలో మనుషులు ఏనాడో పాతుకున్నారు. అవతలి గట్టు వైపు కలమళ్లలో రేనాటి చోళరాజు ధనంజయుడి కాలపు తెలుగు శాసనం ఉంది. అది 575 నాటిదని పండితుల లెక్క.

ఊరు పట్నమైంది మాత్రం మొన్న మొన్ననే. నల్లరేగడిలో పత్తి, నీలిమందు ముందునుంచీ ఉన్నవే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి ఒక ఇంగ్లీషు కంపెనీ కర్నూలు-కడప (కేసీ) కాలువ తవ్వింది. పొలాలకు నీళ్లమ్మి, పడవలు నడిపి లాభం తీయాలనుకుంది. గిట్టక 1882లో సర్కారుకు వదులుకుంది. కంపెనీకి నష్టమొచ్చినా మా మాగాణికి నీళ్లొచ్చాయి. 1890లో కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాల వెలిసింది, 1915లో మునిసిపాలిటీ వచ్చింది.

ఈ కథలో అందరూ మరిచేది రైలు. 1871కల్లా మద్రాసు నుంచి బొంబాయికి రైలుదారి పూర్తయింది. అది ఏటికి దక్షిణాన, ఎర్రగుంట్ల మీదుగా పోయింది. పత్తి రైలెక్కాలంటే బండ్లు పెన్న దాటాల్సిందే. మా జేజినాయన చెప్పేవాడు: ఇసుకలో చక్రం ఇరుసు దాకా దిగబడితే, వెనక బండి ఎద్దులను విప్పి ముందు బండికి కట్టేవాళ్లంట. నలుగురు చక్రం ఆకులు పట్టుకుని తోసేవాళ్లంట. ఆ బండి గట్టెక్కాక మళ్లీ ఎద్దులను తోలుకొచ్చి రెండోది. ఏరు పారితే గట్టు మీదే వంట, గట్టు మీదే పడక.

ఆ పాట్లు పడలేకే ఉత్తరపు పల్లెల రైతులు పంటను పొద్దుటూరులోనే అమ్ముకున్నారనీ, వ్యాపారం ఇక్కడ వేళ్లూనడానికి అదే ముఖ్య కారణమనీ నా నమ్మకం. పంట డబ్బు చేతిలో పడ్డ రోజే ఆడపిల్ల పెళ్లికి బంగారం కొనుక్కుని పోయేవాళ్లు. తర్వాత మా ఊరిని రెండో బొంబాయి అన్నారు.

ఆ రెండో బొంబాయికి రైలు వచ్చింది 2016లో, ఎర్రగుంట్ల-నంద్యాల లైను మీద.