నల్లమల తొర్ర, పరదేశపు పెట్టె

పెంపుడు పాముకైతే పెట్టె పొడవు, వెడల్పు కలిపి పాము పొడవుకు తగ్గకూడదని విదేశాల్లో తరచూ చెప్పే లెక్క. చెట్టెక్కి బతికే పెద్ద సాలీడుకు ఆ లెక్క చాలదు, దానికి ఎత్తు కావాలి. పిల్లగా ఉన్నప్పుడు చిన్న డబ్బా. పెరిగాక అడుగెత్తు పెట్టె, అందులో నిలువుగా ఆనించిన బెరడుముక్క. యూరప్‌లో, అమెరికాలో ఇంత శ్రద్ధగా పెంచుకునే సాలీళ్ళలో ఒకటి నంద్యాల అడవిది. పోయెసిలోథేరియా మెటాలికా అనే ఆ నీలి సాలీడు కాళ్ళు చాపితే జానెడు ఉంటుంది. పెరిగే ప్రాణికి ఎంత చోటు కావాలన్న ప్రశ్నకు జవాబు ఆ పెట్టెల్లో కన్నా ఈ అడవి చరిత్రలోనే దొరుకుతుందని నా వాదన.

బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞుడు పోకాక్ 1899లో దీన్ని తొలిసారి వర్ణించాడు. ఆ సాలీడు దొరికింది అడవిలో కాదు, గుత్తిలో రైల్వే కలప యార్డులో. ఆ తర్వాత 102 ఏళ్ళపాటు దాని జాడ లేదు. 2001లో మళ్ళీ కనిపించింది గుత్తికి వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో. ఈ చిక్కుముడిని విప్పేది రైలే అనిపిస్తుంది. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమలను తొలుచుకుంటూ సదరన్ మరాఠా రైల్వే మీటర్‌గేజి లైను వేసింది 1880ల్లోనే. బొగద సొరంగం, దొరబావి వంతెన ఆనాటివే. అదే లైను పడమటికి గుంతకల్లు చేరుతుంది. గుత్తి దాని పక్కనే. తొర్ర ఉన్న దుంగ బండెక్కితే అందులోని జీవి కూడా ఎక్కుతుంది. దీనికి రాతపూర్వకమైన సాక్ష్యం లేదు, ఇది ఊహే. అయితే సాలీడు దొరికిన చోటూ, దాని అసలు ఇల్లూ రెండూ ఈ ఊహకే సరిపోతున్నాయి.

ఈ ఊహ నిజమైతే ఆ సాలీడు అడవి దాటింది తన ఇంటితో సహా. ఇది తొర్ర తవ్వుకోలేదు. కొమ్మ విరిగి, చేవ పుచ్చి, ఏళ్ళ తరబడి బోలైన మానులో దూరి గూడు అల్లుకుంటుంది. పిల్ల సాలీడుకు బెరడు చీలిక చాలు. పదేళ్ళకు పైగా బతికే ఆడసాలీడుకు ముదురు మాను కావాలి. ఇక్కడ చోటును కొలిచేది చెట్టు వయసు. రైలుపట్టాల కింద వేసే స్లీపర్లకూ, దూలాలకూ గొడ్డలి పడింది ముదురు చెట్ల మీదే. గొడ్డలి తప్పించుకున్న తొర్ర చెట్టును కూడా పుచ్చుకర్ర కింద లెక్కగట్టి, మంచి చెట్టుకు చోటివ్వాలంటూ కొట్టేయడం పాతకాలపు అటవీ పద్ధతి. ఆ లెక్క కలపకు సరైనదే కావచ్చు, అడవికి మాత్రం కాదు.

ఒకే తొర్రలో నాలుగైదు కలిసి ఉంటాయి కదా, ఇరుకు వాటికి అలవాటే కదా అని ఒక అభ్యంతరం ఉంది. ఈ జాతి సాలీళ్ళు అలా సర్దుకోవడం నిజమే. కానీ పరిశోధకులు దాన్ని తొర్రల కరువుకు గుర్తుగానే చూశారు. అద్దె ఇల్లు దొరకక ఒకే గదిలో కాపురముండే కుటుంబాలను చూసి వాళ్ళకు ఇరుకే ఇష్టమని ఎవరూ అనరు.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది: విదేశాల్లో ఇళ్ళలోనే పిల్లలు పెడుతున్నప్పుడు జాతికి ముప్పేమిటి? ఈ సాలీడు సహజంగా పుట్టేది ఈ ప్రాంతపు అడవుల్లోనే, కాబట్టి ఆ పెట్టెల్లోని సంతతికి మూలం ఈ కొండలే. ఏవి వేటి సంతానమో తెలియకుండా తరాలుగా పెట్టెలో పెరిగినవాటిని తెచ్చి వదలాలన్నా ముందు తొర్రలుండాలి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చినప్పుడు చెప్పిన కారణాల్లో పెంపుడు వ్యాపారంతో పాటు అడవి నాశనమూ ఉంది. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారానికి పగ్గం వేశారు. కానీ సరిహద్దు దగ్గర పెట్టెను ఆపే చట్టం తొర్రను కాపాడలేదు. నంద్యాలకు తూర్పున గుండ్లబ్రహ్మేశ్వరం నుంచి ఆళ్లగడ్డ పక్కన అహోబిలం దాకా ఒకటే కొండల వరుస. ఈ వరుసలో బోలుమానులను లెక్కగట్టి, గుర్తులు వేసి, కొట్టకుండా వదలడం అటవీశాఖ చేతిలో ఉన్న పని.