గోడ మీది డబ్బీ

మా శిరివెళ్లలో చలి అంటే కిటికీలు మూసి దుప్పటి కప్పుకుంటే సరి. ఇల్లంతా వేడి చేసుకోవడం చెల్లెలి కాన్పుకు అమెరికాలోని మినియాపొలిస్ వెళ్లినప్పుడే చూశాను.

వాళ్ల వంటింటి పక్క గోడకు థర్మోస్టాట్ అనే చిన్న డబ్బీ ఉంది. దాని చుట్టూ వెచ్చబడితే కింద ఫర్నేసు ఆగిపోతుంది. నేను పొద్దున్నే దోసెలు పోస్తుంటే ఆ సెగ తగిలి, ఇల్లంతా వెచ్చగా ఉందనుకునేది. ఉత్తరం వైపు చివరి గదిలో బాలింత వణుకుతోంది, పసిబిడ్డ పాదాలు మంచుముద్దలు! ఎంత హడలిపోయామో.

ఈ డబ్బీ కథ బడిలో మొదలైందట. విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ అనే మాస్టారు ఉండేవారు. బడి నౌకరు పాఠం మధ్యలో గదిగదికీ వచ్చి వేడి చూసి, మళ్లీ కిందికి దిగి ఫర్నేసు సరిచేసేవాడు. ఆ గోల పడలేక ఆయన, గదిలో వేడి మారితే కింద గంట మోగే విద్యుత్ సాధనం తయారుచేసి 1883లో పేటెంటు తీసుకున్నారు. రెండేళ్లకు ఇదే మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్, గది చల్లబడితే ఫర్నేసు గాలిమూత దానంతటదే తెరుచుకునే ఏర్పాటు చేశారు.

బడిలో గదిగదికీ చూసిన పని, చెల్లెలి ఇంట్లో ఒక్క డబ్బీ మీద పడింది. పొయ్యి పక్కనున్న దానికి చివరి గది సంగతేం తెలుస్తుంది?

మరిది మనిషిని పిలిపించి, ఎండా వేడిగాలీ నేరుగా తగలని లోపలి గోడకు, అయిదడుగుల ఎత్తున మార్పించాడు. మర్నాడు నేను దోసెలు పోస్తుండగానే ఫర్నేసు గుర్రుమంది.